కారుకు కప్పిన దుప్పటి

మా బావకు యాభై రెండో ఏట కారు వచ్చింది. ఆ వయసులో కొందరికి షుగరు వస్తుంది, కొందరికి వైరాగ్యం వస్తుంది. ఆ రెండింట్లో ఏది వచ్చినా మా అక్క ఇంతకంటే సుఖంగా ఉండేది.

నేను కార్లకు సొట్టలు తీసి రంగులు వేస్తాను. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. పాలిష్‌తో పోయే గీతకు రంగు వెయ్యాలని ఎవరికీ చెప్పను, రంగు వెయ్యాల్సినదాన్ని పాలిష్‌తో సరిపెట్టను. ఈ పనిలో ఆ మాత్రం నిజం చెప్పేవాళ్లు తక్కువ. అందుకని నాకు కాస్త పొగరు కూడా ఉంది, దాచుకోను. ఊళ్లో ఎవరి బండికి గీత పడినా నా షెడ్డు వెతుక్కుంటూ వస్తారు. ఇంతమంది వెతుక్కుంటూ వచ్చే బావమరిదిని ఎదురుగా పెట్టుకుని మా బావ కారు గురించి సలహా ఎవరిని అడిగేవాడంటే, ఫోనుని. వాన ముఖం చూడని ఎడారిలో కూర్చుని ఎవడో వీడియోలో వానాకాలం జాగ్రత్తలు చెబితే అది వేదవాక్కు. నేను చెబితే చిన్న నవ్వు.

ఆ నవ్వుకు ఒక కారణం ఉంది. ఆయన లెక్క ప్రకారం కార్లు పాడైతేనే నాకు పని. కాబట్టి నేను ఏ సలహా చెప్పినా కారు పాడు కావడానికే చెబుతాను. బావది కళ్లద్దాల షాపు. జనానికి చూపు మందగిస్తేనే ఆ షాపు నడుస్తుందని నేనొకసారి గుర్తు చేశాను. రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

షాపులో ఆయన్ని చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది, నాక్కూడా కలుగుతుంది. చేతులు అంత నెమ్మది. కొత్త అద్దాలు తగిలించి, చెవి వెనక కాడ సరిచేసి, ఒక అడుగు వెనక్కి వేసి చూస్తాడు. తర్వాత ముప్పై ఏళ్లుగా అరిగిపోయిన అదే హెచ్చరిక చేస్తాడు. అద్దం మీద దుమ్ముంటే పొడిగుడ్డతో తుడవకండి, ముందు నీళ్ల కింద పెట్టండి, దుమ్ము మీద గుడ్డ రాస్తే గీతలు పడతాయి అని. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు కూడా తగ్గిస్తాడు, ఎవరికో ప్రాణం మీదికి వచ్చిన సంగతి చెబుతున్నట్టు.

కారు మీద ఆయనకున్న పిచ్చికి చిన్నప్పటి బాధ ఏదైనా కారణమేమోనని మా అక్క కూతురు ఒకసారి నన్ను అడిగింది. కాలేజీలో అలాంటివి చదువుతోంది లెండి. వెతికి చూశాను, ఏమీ లేదు. తండ్రి బాగానే చూసుకున్నాడు, కడుపు నిండా తిన్నాడు, ఎవరి కారు ముట్టుకుని ఎవరి చేతా చెంపదెబ్బ తినలేదు. కొందరి పిచ్చికి లోతు ఉండదు. పైపూత మాత్రమే ఉంటుంది.

ఆ పిల్లే కారు ఇంటికొచ్చిన రోజున తనకు చెల్లెలు పుట్టిందని హాస్టల్లో అందరికీ చెప్పుకుంది. నవ్వులాటకు అన్నా అందులో అబద్ధమేమీ లేదు.

కొనేటప్పుడే చెప్పాను, ముదురు రంగు వద్దు బావా, దుమ్ము కనబడుతుంది, గీత కనబడుతుంది, నీటి చుక్క ఆరితే దాని మచ్చ కూడా కనబడుతుంది, తెల్లదో బూడిద రంగుదో తీసుకో అని. నవ్వాడు. ముదురు నీలం తీసుకున్నాడు. ఎండలో నీలం, నీడలో నలుపు. అందంగా ఉందని నేనూ ఒప్పుకుంటాను. అందులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. బావ దువ్వుకునేవాడు కూడా, బానెట్ నుంచి రెండు అడుగుల దూరంలో నిలబడి, దువ్వెన పళ్లు తగలకుండా.

ఇద్దరి సంపాదనతో కొన్న కారు అది. అక్క పెద్దాసుపత్రిలో నర్సు. పందొమ్మిదేళ్లుగా పసిపిల్లల వార్డు ఆమె చేతిలోనే ఉంది. నెలలు నిండకుండా పుట్టి, పిడికెడంత ఉండి, గాజు పెట్టెల్లో పడుకుని ఊపిరి కోసం కష్టపడే పిల్లలు. డాక్టర్లు మారారు, పెట్టెలు మారాయి, అక్క మారలేదు. ఆమెకు కారు నడపడం వచ్చు. నేనే నా షెడ్డు వెనక ఖాళీ జాగాలో నేర్పాను, లైసెన్సు కూడా ఉంది. కానీ ఆ కారు ఆమె చేతికి దొరికేది ఆదివారాలు, అదీ ఆకాశంలో మబ్బు తునక లేని ఆదివారాలు మాత్రమే. మిగతా రోజుల్లో బస్సు. వానాకాలంలో గొడుగు, బస్సు, మోకాలి దాకా నీళ్లు, మళ్లీ బస్సు.

కారు కనిపెట్టిందే మనిషి తడవకుండా ఉండటానికి అని నేననుకునేవాణ్ణి. మా బావ దాన్ని తిరగేశాడు. మొదటి ఏడాది కూతుర్ని హాస్టల్లో దింపి వస్తుంటే దారిలో వాన అందుకుంది. ఆయన కారుని ఒక వంతెన కిందకి చేర్చి, వాన వెలిసేదాకా రెండు గంటలు అక్కడే ఆగిపోయాడు. అక్క లోపల కూర్చుని ఉంది, మరుసటి పొద్దున్నే డ్యూటీ. ఇంటికి చేరేసరికి మళ్లీ తుంపర మొదలైంది. ఆయన గొడుగు తీసుకుని గబుక్కున దిగి, బానెట్ మీద పట్టి నిలబడ్డాడు. కవరు తెమ్మని అక్కను లోపలికి పంపాడు. ఆ కవరునే తల మీద కప్పుకుని వచ్చిందనుకుంటున్నారేమో. కవరు తడిస్తే ఎలా? దాన్ని పొట్టకు హత్తుకుని, వంగి, తాను తడుస్తూ తెచ్చింది. ఎదురింటివాళ్లు ముక్కున వేలేసుకుని చూశారట. ఈ సంగతి అక్క నాకు నవ్వుతూ చెప్పింది. నాకు ఒళ్లు మండింది.

వానాకాలం వస్తుందనగానే ఆ ఇంట్లో ఏర్పాట్లు మొదలయ్యేవి. ముందుగా మెత్తటి దుప్పటి ఒకటి, కారుకు ఆనుకుని. దాని మీద నీలం టార్పాలిన్. దాని మీద తాళ్లు, అడ్డంగా ఆరు, నిలువుగా అయిదు, మొత్తం పదకొండు ముడులు. తాడు కొసలకు ఇసుక నింపిన సంచులు. పిట్ట రెట్ట వేస్తే పట్టుకోవడానికి తడి స్పాంజి ఒకటి కిటికీలో సిద్ధంగా ఉండేది. ఇంట్లో మంచాల మీద కప్పుకునే దుప్పట్లు రెండే ఉండేవి, కారుకు మూడు ఉండేవి. ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో, ఒకటి ముందుజాగ్రత్తకు. ఉతికేది ఎవరో చెప్పనక్కర్లేదు.

నేను చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. వానకు ముందు ఒకసారి శుభ్రంగా కడిగి మైనం పట్టించు, నీళ్లు నిలవకుండా జారిపోతాయి. గాలివాన వెలిశాక మంచినీళ్లతో దుమ్మంతా కడిగేసి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టు. చెట్టు కింద పెట్టకు. రెట్ట పడితే రుద్దకు, నానబెట్టి తియ్యి. అంతే. కప్పడం మాత్రం వద్దు, గాలి రోజుల్లో అసలు వద్దు. నిజం చెప్పాలంటే వాన చేసే చెడు తక్కువ, వానకు భయపడి మనుషులు చేసే చెడు ఎక్కువ. నా షెడ్డుకు వానాకాలంలో వచ్చే బళ్లలో సగం అలాంటివే. ఇంత చెబితే బావ దాన్ని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాడు, కొత్త తాడు కొనుక్కొచ్చేవాడు.

ఇప్పుడు చెప్పబోయేది మూడో ఏడాది సంగతి. ఆ ఏడాది ఆసుపత్రికి కొత్త అధికారి వచ్చాడు. వస్తూనే ఒక నియమం పెట్టాడు. వానాకాలం ముగిసేలోపు మూడుసార్లు ఆలస్యంగా వచ్చిన నర్సు ఎవరైనా సరే, వార్డు వదిలి బట్టల గదికి వెళ్లాలి. దుప్పట్లు, గలేబులు లెక్కపెట్టి వార్డులకు పంపే గది అది, నేలమాళిగలో ఉంటుంది. అక్కకు అప్పటికే రెండు ఆలస్యాలు పడ్డాయి. రెండుసార్లూ రైలు వంతెన కింద నీళ్లు నిలిచి బస్సు వెనక్కి తిరిగింది. రెండుసార్లూ ఇంటి ముందు కారు పదకొండు ముడుల కింద పొడిగా ఉంది. మూడోసారి కూడా ఆలస్యమైతే ఆ పిల్లల్ని ఇంకొకరికి అప్పగించి ఆమె మెట్లు దిగాలి, వానాకాలం ఇంకా రెండు నెలలు మిగిలి ఉంది.

ఆ సంగతి బావకు తెలియక కాదు. అక్క చెప్పింది. ఆయన నిజంగానే బాధపడ్డాడు. ఆసుపత్రివాళ్లకు బుద్ధి లేదన్నాడు, ఇంకా ముందు బస్సు పట్టుకొమ్మని సలహా ఇచ్చాడు.

ఒక శనివారం మధ్యాహ్నం నేను వాళ్లింట్లో ఉన్నాను. తుఫాను వస్తోందని పొద్దుట్నుంచీ రేడియో చెబుతూనే ఉంది. దానికి ముందే ఉతికిన దుప్పటి మార్చాలని బావ కారు మీది కప్పంతా విప్పాడు. మూడు గంటలప్పుడు ముందు గాలి లేచింది, వాన లేదు, ఉత్త దుమ్ము. వీధి చివర ఇల్లు కడుతున్నారు, అక్కడి ఇసుకా మట్టీ అంతా లేచి ఎర్రగా మా మీదికి వచ్చింది. కిటికీలు మూసేలోపే పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. గాలి ఒక నిమిషం ఆగాక చూస్తే నీలం కారు మట్టి రంగులో ఉంది. బావ ముఖం కూడా అదే రంగులో ఉంది. ఆకాశం నల్లబడింది, తొలి చినుకులు పడుతున్నాయి.

ఆయన దుప్పటి పట్టుకుని పరుగెత్తాడు. నేనూ వెనకే వెళ్లి, దుమ్ము కడక్కుండా కప్పకు బావా అన్నాను. ఈ వానకు వదిలెయ్, అదే కడిగేస్తుంది అని కూడా అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపులో, ఇన్నాళ్లకు నీ రంగు బయటపడిందిరా అన్న అర్థం స్పష్టంగా ఉంది. దుప్పటి పరిచాడు, టార్పాలిన్ లాగాడు, తాడు కొస నా చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నాడు.

పట్టుకున్నాను. ఇది నాకు సిగ్గుగానే ఉంది. నా నోటికి ఎంత పొగరున్నా చేతులకు మొహమాటం ఎక్కువ. ఇసుక కాగితం లాంటి దుమ్ము మీద దుప్పటి వేసి బిగిస్తుంటే, ఈ పనిలో ఇరవై ఆరేళ్లు పండిన నేను తాడు కొస పట్టుకుని నిలబడ్డాను. ముడి వెయ్యమంటే ముడి కూడా వేశాను.

వాన మొదలైంది. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా గాలి ఆగలేదు. నేను నా ఇంటికి వెళ్లిపోయాను కానీ నలభై గంటలూ నా చెవుల్లో ఆ టార్పాలిన్ చప్పుడే. ఎంత బిగించి కట్టినా గాలి లోపలికి దూరుతుంది. ఉబ్బుతుంది, వాలుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. ప్రతిసారీ దుప్పటి కారు మీద ఒక జానెడు జరిగి వెనక్కి వస్తుంది. నేను షెడ్డులో రంగు గీకడానికి చేసే పని అదే, కాకపోతే నేను నలభై గంటలు చెయ్యను.

సోమవారం పొద్దున్న ఏం జరిగిందో అక్క తర్వాత చెప్పింది. ఏడింటికి ఆమె వార్డులో ఉండాలి. అయిదున్నరకు లేచి చూస్తే వీధిలో నీళ్లు పారుతున్నాయి, బస్సులు లేవని రేడియోలో చెప్పారు. నాకు ఫోను చేసింది. నా షెడ్డులో నడుము దాకా నీళ్లు, బళ్లేవీ కదిలే స్థితిలో లేవు. ఆటోవాళ్లు ఎవరూ ఫోను ఎత్తలేదు. ఆమె ఆసుపత్రి బట్టలు వేసుకుని, జుట్టు ముడి పెట్టుకుని, బావ దగ్గరకు వెళ్లి కారు తాళం అడిగింది.

ఆయన కిటికీ దగ్గర కూర్చుని టార్పాలిన్‌నే చూస్తున్నాడు.

"ఇంకో గంట ఆగు, తగ్గుతుంది" అన్నాడు.

"తగ్గదండీ. నేను ఏడింటికి అక్కడ ఉండాలి."

"రెండు రోజులు ఒక్క చుక్క పడకుండా కాపాడాను. ఇప్పుడు తీస్తే అంతా వృథా."

నోట్లో నాలుక లేని మనిషి కాదు మా అక్క. వార్డులో ఆమె గొంతు వింటే పెద్ద డాక్టర్లే పక్కకు తప్పుకుంటారు. కానీ ఇంట్లో ఆమె గొంతు పెద్దది చెయ్యగా నేనెప్పుడూ వినలేదు, ఆ రోజూ చెయ్యలేదు. కొక్కేనికి ఉన్న తాళం తీసుకుంది. తన సంచిలోంచి కట్లు కత్తిరించే కత్తెర తీసింది. వానలోకి నడిచింది. ఒక్కో తాడూ కత్తిరించింది, పదకొండూ. ముడులు విప్పే టైము లేదని చెప్పింది. బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గొడుగు చేతిలోనే ఉంది, దిగి రాలేదు. తడిసి ముద్దయిన పెళ్లాం టార్పాలిన్‌తో పెనుగులాడుతుంటే ఆయన అన్న మాట ఒక్కటే.

"ఆ తాళ్లు కొత్తవే" అన్నాడు.

ఇది నేను కల్పించి చెబుతున్నానని కొందరు అంటారు. అక్కను అడగండి.

టార్పాలిన్, దుప్పటి జారగానే వాన కారు మీద పడి దుమ్మంతా కడిగేసింది. తడిసిన రంగు ఎప్పుడూ మెరుస్తుంది, దాని లోపాలన్నీ నీళ్లు దాచేస్తాయి. ఆ క్షణంలో ఇద్దరికీ కనిపించింది తళతళలాడే నీలం కారే. అందుకే బావ గుండె అంతగా తరుక్కుపోయింది. అక్క వెనక్కి చూడకుండా వంతెన దారి వదిలేసి, చుట్టూ తిరిగి మెరక దారిన వెళ్లింది. ఏడింటికి ఎనిమిది నిమిషాల ముందు వార్డులో చేతులు కడుక్కుంది.

ఆ రోజు మధ్యాహ్నానికి వాన వెలిసింది, ఎండ కూడా వచ్చింది. మూడున్నరకు ఆ కారు నా షెడ్డు ముందు ఆగింది. నేను షెడ్డులో మిగిలిన నీళ్లు తోడి పోస్తున్నాను. అక్క దిగిన తీరు చూసి ఎవరికైనా దెబ్బ తగిలిందేమో అనుకున్నాను.

"ఏం చేశానోరా, చూడు" అంది.

ఆరిపోయిన కారు ఎండలో నిలబడి ఉంది. నీలం లేదు, నలుపూ లేదు. బానెట్, పైకప్పు, తలుపులు, అన్నీ చలికాలపు అద్దం మీద ఊపిరి వదిలితే ఆవిరి కమ్మినట్టు మసకగా ఉన్నాయి. దగ్గరకు వెళ్లి చూస్తే వేలకు వేల సన్నటి గీతలు, సున్నాలు చుట్టుకుంటూ. దారిలో కొమ్మలేవో రాసుకున్నాయని, వానలో తీసినందుకే ఇలా అయిందని ఆమె అనుకుంటోంది. పొద్దుటి నుంచీ పిల్లల పెట్టెల దగ్గర నిలబడిన మనిషి, ఇప్పుడు ఇంటికి వెళ్లి ఏం చెప్పాలా అని భయపడుతోంది. అది చూసి నాకు ముందు బావ మీద, తర్వాత తాడు కొస పట్టుకున్న నా చేతుల మీద అసహ్యం వేసింది.

నువ్వేమీ చెయ్యలేదని చెప్పాను. దుప్పటి కింద దుమ్ము, దాని మీద నలభై గంటల గాలి, ఆ సంగతంతా వివరించాను. ఇంకా ఏమన్నానంటే, ఇది పైపూతలోనే ఉంది, రంగు దాకా దిగలేదు, మిషన్ పెట్టి పాలిష్ చేస్తే ఒక పూట పని, రేపు మధ్యాహ్నానికి మళ్లీ ముఖం చూసుకోవచ్చు. ఆమె నమ్మలేదు. అందుకని బానెట్ మీద అరచేయంత చోట కడిగి, పేస్టు రాసి, అటక మీద తడవకుండా ఉన్న బ్యాటరీ మిషన్ తిప్పి చూపించాను. రెండు నిమిషాల్లో ఆ మసక మధ్య అరచేయంత నీలం మెరిసింది. నా పని నాకే ముచ్చటేసింది.

అక్క ఆ మెరిసే చోటు మీద వేలు పెట్టి, పక్కనున్న మసక దాకా జరిపింది.

"ఇది ఇలాగే వదిలేస్తే ఏమవుతుంది?" అని అడిగింది.

ఏమీ కాదని చెప్పాను. చూడ్డానికి బాగుండదు, అంతే. తుప్పు పట్టదు, చెడిపోదు.

"బండి నడుస్తుందిగా?"

రంగుకీ నడవడానికీ సంబంధం ఏమిటక్కా అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"అయితే బాగు చెయ్యకురా. బాగు చెయ్యడం కుదరదని మీ బావకు చెప్పు. ఇంకా రెండు నెలలు వానలున్నాయి."

ఇరవై ఆరేళ్లలో ఏ బండి గురించీ ఎవరికీ అబద్ధం చెప్పలేదు, ఆ సంగతి ఈ కథ మొదట్లోనే గొప్పగా చెప్పుకున్నాను కదా. అడుగుతున్నది అక్క. ఆమె నన్ను అంతకు ముందు ఏదీ అడగలేదు. మరి బావ నా మాట ఎప్పుడు నమ్మాడు గనక అన్నాను. చెడ్డ కబురైతే నువ్వు చెప్పినా నమ్ముతారు అంది.

ఇక ఆ మెరిసే చోటు ఉంది. ఆయన వచ్చి అది చూస్తే అంతా తెలిసిపోతుంది. నేను లోపలికి వెళ్లి వాటర్ పేపరనే సన్నటి ఇసుక కాగితం తెచ్చాను, నీళ్లలో ముంచాను, నేను మెరిపించిన ఆ అరచేయంత చోటును నా చేత్తోనే గుండ్రంగా రుద్దాను. అద్దంలా ఉన్నది నా వేళ్ల కింద తెల్లబడిపోయింది. అలాంటి పని చేసేవాణ్ణి నేను షెడ్డులో ఒక్క రోజు కూడా ఉంచను.

అక్క ఫోను చేసి చెబితే బావ అయిదింటికి వచ్చాడు, నడుచుకుంటూ. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది. అక్క వైపు చూడలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు, వేలి కొసలతో తడిమాడు, కళ్లద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. ఇదెవరు చేశారని నన్ను అడిగాడు. ఆయన గొంతులో అక్క పేరు సిద్ధంగా ఉంది.

"దుప్పటి చేసింది బావా. దుమ్ము మీద గుడ్డ రాస్తే ఏమవుతుందో నీ షాపులో రోజూ చెబుతావు కదా."

ఆయన కళ్లద్దాలు మళ్లీ తీశాడు. అలవాటుగా చొక్కా అంచుతో తుడవబోయి ఆగాడు. వాటిని అలాగే జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత అక్కను ఒక్క మాట కూడా అనలేదు.

పాలిష్‌తో పోతుందా అని అడిగాడు. పోదన్నాను. మొత్తం మళ్లీ రంగు వేస్తే అన్నాడు. ఇది ఆయన నాకు పెట్టిన పరీక్ష, నాకు తెలుసు. వేస్తాననగానే ఇదంతా నా గిరాకీ కోసమని తేలిపోతుంది.

"వెయ్యగలను. కానీ కంపెనీ రంగులా ఉండదు, ఇంకా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. నన్నడిగితే ఇలాగే వదిలెయ్యమంటాను."

నాకు లాభం లేని సలహా నా నోటి నుంచి ఆయన అంతవరకు వినలేదనుకుంటా. నిజానికి ఎన్నో చెప్పాను, అవన్నీ ఆయనకు నా లాభంగానే వినిపించాయి. ఈసారి తల ఊపాడు. ఊపి, బానెట్ మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా జరుపుతూ సరిగ్గా ఆ అరచేయంత చోట ఆపాడు. ఇక్కడ మరీ ఘోరంగా ఉంది అన్నాడు. నేను నేల చూపులు చూశాను. నిజమే చెప్పాడు. కారు మొత్తంలో ఆ ఒక్క చోటూ దుప్పటి పని కాదు.

మళ్లీ చినుకులు మొదలయ్యాయి. నాలుగైదు పెద్ద చుక్కలు బానెట్ మీద పడి పగిలాయి. ముప్పై మైళ్ల దూరంలో మబ్బు కనిపిస్తే పరుగెత్తే మనిషి, కదల్లేదు. చూస్తూ నిలబడ్డాడు. కాపాడటానికి అక్కడ ఇంక ఏమీ లేదన్న సంగతి ఆయనకు నెమ్మదిగా ఎక్కుతోంది. అంత పెద్ద మనిషి ఒక్కసారిగా పనీ పాటా లేనివాడిలా చేతులు వేలాడేసుకున్నాడు. నేను మూడేళ్లుగా ఎదురుచూసిన దృశ్యం అది. మనసారా నవ్వాలని నాలో నేను ఎన్నోసార్లు అనుకున్నాను. నవ్వు రాలేదు.

అక్క అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుంది. ఇంజను స్టార్టు చేసింది, వైపర్లు కదిలాయి. ఆయన జుట్టు తడిసి నుదుటికి అతుక్కుంటోంది. ఆమె పక్కకు వంగి రెండో వైపు తలుపు తోసింది.

"ఎక్కండి, తడుస్తున్నారు" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఎక్కడైనా ఉందేమోనని నేను చెవులు రిక్కించి విన్నాను. ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది. లేదు. ఆయన తడుస్తున్నాడనే ఆమె అంది. బావ ఎక్కి కూర్చుని తలుపు వేసుకున్నాడు, కారు వానలోకి వెళ్లిపోయింది.